ఎత్తేది వేరు, మోసేది వేరు

క్షీరసాగర మథనం కథ తెలియని తెలుగువారు వుండరు. దేవతలూ దానవులూ కలిసి మందరగిరిని పెకలించారు. మొయ్యలేక దారిలో వదిలేస్తే విష్ణుమూర్తి గరుత్మంతుని మీద వేసుకుని తెచ్చాడు. తీరా కవ్వంగా చేసి సముద్రంలో దింపేసరికి ఆ కొండ కాస్తా అడుగంటా మునిగిపోయింది. బలం చాలక కాదు. కొండను పెకలించడమెలాగా, తేవడమెలాగా అని అందరూ ఆలోచించారే గాని, తెచ్చిన కొండ దేనిమీద నిలుస్తుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. చివరకు స్వామి కూర్మావతారమెత్తి వీపు ఆనించవలసి వచ్చింది. పోతనగారి భాగవతంలో అష్టమ స్కంధాన ఈ ఘట్టం చదివేవారు భక్తితో చదువుతారు. మోటారు మెకానిక్కులు చదివితే దానిలో తమ వృత్తి రహస్యం కూడా కనబడుతుంది. ఎత్తడం ఒక పని. ఎత్తినదాన్ని మోయడం మరొక పని. ఒకటి చేసిన సాధనం రెండవది కూడా చేస్తుందని నమ్మి కిందికి దూరినవాడి ప్రాణానికి పూచీ లేదు.

ఈ వ్యాసం బస్సు కింద పడుకుని పనిచేసే మనిషిని గురించి. బస్సులో కూర్చునే మనకు అతనితో ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చు. చాలా సంబంధం వుంది. అది చివరికి తేలుతుంది.

కనబడని మనుషులు

జగిత్యాల నుంచి సారంగాపూర్ మీదుగా బీర్‌పూర్ వైపు పోయే దారిలో ఏ ఉదయమైనా నిలబడి చూడండి. కాలేజీ పిల్లలు, ఆఫీసు ఉద్యోగులు, కూరల గంపలు, పెండ్లి సామాన్లు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు అందరికీ బస్సే ఆధారం. జాతర రోజులు వచ్చాయంటే చెప్పనక్కర లేదు. ధర్మపురి నరసింహస్వామికీ, కొండగట్టు అంజన్నకూ, వేములవాడ రాజన్నకూ జనం కదిలితే బస్సులో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ బరువంతా మోసేవి చక్రాలు అని మనం అనుకుంటాం. చక్రాలకూ బస్సుకూ మధ్య వుండి, ప్రతి గుంతలోనూ దెబ్బ తినేవి కమాన్ పట్టీలు.

ఈ ప్రాంతానికి ప్రభుత్వ బస్సు పాత చుట్టమే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినప్పుడు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు వున్నారు. 1951 నవంబరు 1న అది హైదరాబాదు ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఇవాళ అది తెలంగాణ సంస్థ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్లలోనూ దానికి డిపోలున్నాయి. ఆ మొదటి లెక్కనే ఒకసారి చూడండి. ఒక్కొక్క బస్సుకు ఆరుగురు మనుషులు. ప్రయాణీకుడికి కనిపించేది డ్రైవరూ, కండక్టరూ. తక్కినవాళ్లలో కొందరు ఎప్పుడూ బస్సు కిందనే వుంటారు.

ప్రమాదమంటే ఏమిటో ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కర లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ రోజును ఇక్కడివారెవరూ మరచిపోలేదు. అటువంటి ఘోరం జరిగితే దేశమంతా ఉలిక్కిపడుతుంది. కాని జాకీ జారి బండి కింద నలిగిపోయేవాడు ఒక్కడే వుంటాడు. ఏ రోడ్డు పక్కనో, ఏ రేకుల షెడ్డులోనో అది జరుగుతుంది. మరునాటి పత్రికలో మూలకు నాలుగు వాక్యాలు వస్తాయి. ఆ ఇంటివారికి మాత్రం అది ఏ లోయకూ తీసిపోదు.

కమాన్ పట్టీ కథ

జట్కా బండి ఎక్కిన పెద్దవాళ్లకు కమాన్లంటే ఏమిటో గుర్తుండే వుంటుంది. విల్లులా వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పొడుగు తగ్గే వరసలో పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగిస్తారు. దాన్నే సెంటరు బోల్టు అంటారు. అన్నిటికంటె పొడవైన పట్టీ మెయిన్ పట్టీ. దాని రెండు కొసలనూ చుట్టగా చుట్టి, ఛాసీకి తగిలిస్తారు. ఒక కొస పిన్నుతో కదలకుండా వుంటుంది. రెండవ కొస ఊగే లింకుకు తగిలించి వుంటుంది. ఎందుకంటారా? బరువు పడి విల్లు చదునైనప్పుడు దాని పొడవు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకు చోటు కావాలి. నడుమ భాగాన్ని యూ బోల్టులతో ఇరుసుకు కట్టేస్తారు.

ఇంత చక్కని ఏర్పాటు ఎందుకు విరుగుతుంది? బరువు మీరితే విరుగుతుంది. గుంతల్లో వేగంగా దింపితే విరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యం, యూ బోల్టులు వదులైతే విరుగుతుంది. వదులు కాగానే పట్టీలు ఒకదానిమీద ఒకటి ఆడి, సెంటరు బోల్టు తెగుతుంది. అది తెగితే ఇరుసు తన చోటు నుంచి జరుగుతుంది. బస్సు ఒక పక్కకు ఒరిగి నిలబడ్డా, తిన్నని రోడ్డు మీద స్టీరింగు ఒకవైపుకే లాగుతున్నా, ప్రతి గుంతలో అడుగున కటకట శబ్దం వినిపిస్తున్నా కమాన్లను చూపించే సమయం వచ్చిందన్నమాట.

చూపించడమంటే బస్సును ఎత్తాలి. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

గుప్పెడు నూనె, ఐదు టన్నులు

ఖాళీ బస్సు ఇంచుమించు ఎనిమిది, తొమ్మిది టన్నుల బరువుంటుంది. దానిలో సగం వెనక ఇరుసు మీదనే వుంటుందనుకున్నా నాలుగు టన్నులకు పైమాటే. దీన్ని పద్ధెనిమిదేళ్ల కుర్రవాడు ఒంటిచేత్తో ఎత్తుతాడు. ఇది ఇంద్రజాలం కాదు. మూసివున్న ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అంతటా సమానంగా వ్యాపిస్తుందని ఫ్రాన్సు దేశపు పాస్కల్ పదిహేడవ శతాబ్దంలో చెప్పాడు. ఆ సూత్రం మీద 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఒత్తిడి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ చేత్తో మోసుకుపోగల జాకీని పేటెంటు చేయించాడు.

లెక్క చూడండి. జాకీ పిడి మీద మనిషి 14 కిలోల బలం పెట్టాడనుకుందాం. పిడి పొడవు వల్ల అది పదిహేను రెట్లయి, 210 కిలోలుగా చిన్న పిస్టన్ మీద పడుతుంది. చిన్న పిస్టన్ వైశాల్యం కంటె పెద్దదాని వైశాల్యం 25 రెట్లయితే, పైకి 5,250 కిలోలు లేస్తాయి. అయితే ప్రకృతి ఊరికే ఏదీ ఇవ్వదు. చిన్న పిస్టన్ 25 మిల్లీమీటర్లు దిగితే పెద్దది ఒక్క మిల్లీమీటరు లేస్తుంది. అందుకే కుర్రవాడు చెమటలు కక్కుతూ అన్నిసార్లు పంపు కొట్టడం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఐదు టన్నులను పైన నిలిపి వుంచుతున్నదేమిటి? గుప్పెడు నూనె. ఆ నూనెను బయటికి పోకుండా ఆపుతున్నవి ఒక వాషరూ, చిన్న గుండుతో మూసుకునే ఒక వాల్వూ. వాషరు అరిగినా, గుండు కింద ఇసుక రేణువు చిక్కినా నూనె జారుతుంది. నూనె జారితే బస్సు దిగుతుంది. అది నెమ్మదిగా దిగవచ్చు, ఒక్కసారిగానూ దిగవచ్చు. అదీగాక జాకీ తల అరచేతి కంటె వెడల్పుండదు. బస్సు ఏమాత్రం ముందుకో వెనక్కో కదిలినా జాకీ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన జాకీని ఆపగల మానవమాత్రుడు లేడు.

జగిత్యాలలో లారీలకూ స్కూలు బస్సులకూ కమాన్ పనిచేసే ఒక పెద్ద ఉస్తాద్‌ను ఈ సంగతి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"జాకీ లేపుతది సార్, మొయ్యది. లేపుడు దాని పని, మోసుడు స్టాండు పని."

పాస్కల్ సూత్రానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం ఏ కాలేజీలోనూ వినబడదు.

ఉస్తాద్ పాఠం

ఆయన శిష్యులకు నేర్పే క్రమం తెలుసుకోదగ్గది. ముందుగా చోటు. నేల చదునుగా, గట్టిగా వుండాలి. సిమెంటు నేల అయితే మరీ మంచిది. వానాకాలం మట్టి రోడ్డు పక్కన రేగడి నేలలో జాకీ పెడితే బస్సు లేవదు, జాకీ దిగుతుంది. ఎండాకాలంలో మెత్తబడ్డ తారు కూడా అంతే. తప్పనిసరి అయితే జాకీ కిందా, స్టాండ్ల కిందా మందమైన ఇనుప పలక వేయాలి. ఆపైన బస్సు ఖాళీ చెయ్యాలి. మనుషులే కాదు, సామాన్లు కూడా దిగాలి.

రెండవది చక్రాలు. హ్యాండ్ బ్రేకు వేశాం గదా అని ధీమా పడరాదు. బస్సులకు ఆ బ్రేకు సాధారణంగా వెనక చక్రాలకే పట్టుకుంటుంది. వెనక భాగాన్నే ఎత్తితే ఆ చక్రాలు గాలిలో వుంటాయి. నేల మీద మిగిలిన ముందు చక్రాలను పట్టుకునేది ఏదీ లేదు! కనుక వాటికి ముందూ వెనకా అడ్డుచెక్కలు బిగించాలి. మూడవది తాళంచెవి. ఇంజను ఆపి, చెవి తీసి, కింద దూరేవాడే జేబులో వేసుకోవాలి. స్టీరింగుకు ఒక అట్ట కట్టాలి: "కింద మనిషి వున్నాడు". ఈ నాలుగు అక్షరాలు ఎన్ని ప్రాణాలు కాపాడతాయో చెప్పలేం.

చక్రం నట్లను నేల మీద వుండగానే కొంచెం వదులు చేసుకోవాలి. పైకెత్తిన తర్వాత పెద్ద పానాతో గుంజితే, ఆ గుంజుడు బస్సునే ఊపుతుంది. అప్పుడు జాకీ పెట్టి, కొంచెం కొంచెంగా ఎత్తి, రెండు పక్కలా ఒకే ఎత్తున ఇనుప స్టాండ్లు అమర్చాలి. స్టాండు మీద అది ఎన్ని టన్నులు మోస్తుందో రాసి వుంటుంది; చూసుకోవాలి. ఆ తర్వాత జాకీని నెమ్మదిగా దింపి, బరువంతా స్టాండ్ల మీదికి తేవాలి. విప్పిన చక్రాన్ని ఊరికే పక్కన పడేయక, ఛాసీ కిందికి పడుకోబెట్టి తొయ్యాలి. కాలం కలిసిరాక అన్నీ తప్పినా ఆ చక్రం మందమైనా ఖాళీ మిగులుతుంది.

ఇంతా చేసి వెంటనే దూరరాదు. బయట నిలబడి బస్సును భుజంతో గట్టిగా నెట్టి చూడాలి. ఎందుకని అడిగితే ఉస్తాద్ నవ్వాడు.

"పడేదుంటే మనం బయట వున్నప్పుడే పడాలె సార్!"

రెండు బరువులు

టైరు మార్చడానికీ, కమాన్ మార్చడానికీ ఒక పెద్ద తేడా వుంది. అనుభవం లేనివాళ్లు పొరపడేది ఇక్కడే. టైరు మార్చేటప్పుడు ఇరుసును ఎత్తి, ఇరుసు కిందనే స్టాండు పెడితే చాలు. కమాన్ విప్పేటప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. ఇరుసు కింద స్టాండు పెడితే బస్సు బరువంతా ఇంకా కమాన్ మీదనే కూర్చుని వుంటుంది. అదిమిపెట్టిన విల్లు అది. ఆ స్థితిలో యూ బోల్టు విప్పితే విల్లు విడుస్తుంది. ఆధారం పోయిన ఛాసీ కిందికి వస్తుంది.

కాబట్టి కమాన్ పనికి స్టాండ్లు ఛాసీ కింద, అందులోనూ తయారీదారు చూపిన బలమైన చోట్ల పెట్టాలి. అప్పుడు బస్సు బరువు ఛాసీ నుంచి స్టాండ్లకూ, స్టాండ్ల నుంచి నేలకూ నేరుగా దిగుతుంది. కమాన్ మీద ఏ భారమూ లేక విల్లు సడలి వేలాడుతుంది. అయితే పని అంతటితో పూర్తి కాలేదు. ఇన్నాళ్లూ ఇరుసును దాని చోట పట్టుకుని వున్నది ఆ కమానే! దాన్ని తీసేస్తే వందల కిలోల ఇరుసు పక్కకు దొర్లవచ్చు. దానికి వేరే జాకీ, వేరే ఆధారం కావాలి. బస్సుది ఒక బరువు, ఇరుసుది ఒక బరువు. రెంటికీ రెండు ఆధారాలు. ఇది మరిచిపోకపోతే సగం విద్య వచ్చినట్టే.

తీసిన కమాన్ కట్ట కూడా పామువంటిదే. సెంటరు బోల్టును ఒక్కసారిగా తీస్తే పట్టీలు చిమ్ముకుని మొహానికి తగులుతాయి. ముందుగా కట్టను పట్టుడులో బిగించి, తర్వాత బోల్టు తీసి, మెల్లగా సడలించాలి.

స్టాండ్లు లేనిచోట ఇటుకలు పేర్చే అలవాటు కొందరికి వుంది. ఇది అన్నిటికంటె చెడ్డ అలవాటు. ఇటుకగాని, సిమెంటు దిమ్మగాని బరువుకు చెప్పకుండా పగులుతుంది. పగిలేదాకా గట్టిగానే వుంటుంది. పగిలాక ఏమీ మిగలదు. గట్టి కలప అలా కాదు. పగలబోయే ముందు సాధారణంగా నలుగుతుంది, కిర్రుమంటుంది. అందుకే మందమైన చెక్క దిమ్మలను అడ్డంగా రెండు, నిలువుగా రెండు చొప్పున వెడల్పుగా పేర్చిన దొంతరను నిపుణులు ఒప్పుకుంటారు. బండికి కందెన పెట్టడానికి చక్రం తీసే మన రైతు ఇరుసు కింద ఊతగా కట్టెనే పెట్టేవాడు గాని ఇటుకను పెట్టలేదు. ఆ తెలివి పాతదే.

గాలి మీద నడిచే బస్సులు

ఇప్పుడు దూరప్రాంతాలకు పోయే మంచి బస్సుల్లో కమాన్ల బదులు రబ్బరు గాలితిత్తులు వుంటున్నాయి. ప్రయాణం ఊయలలా వుంటుంది. కాని కింద పనిచేసేవారికి ఇవి మరీ ప్రమాదం. కమాన్ విరిగినా ఉక్కు ముక్కలు కొంత అడ్డుగా వుంటాయి. గాలితిత్తిలో గొట్టం వూడితే గాలి క్షణంలో పోతుంది; ఆ క్షణంలోనే బస్సు ఒళ్లు దిగుతుంది. చక్రానికీ, పై రేకుకూ మధ్య తల పెట్టి చూస్తున్నవాడికి తల తీసుకునే వ్యవధి వుండదు. వీటికి జాకీ పెట్టకపోయినా ప్రమాదమే! నాలుగు చక్రాలూ నేల మీద వున్నాయి గదా అనుకోరాదు. ఛాసీ కింద ఆధారం పెట్టనిదే అటువంటి బస్సు కిందికి పోకూడదు.

జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కింద ఎవరూ పనిచేయరాదని బ్రిటన్‌లో ఆరోగ్య, భద్రతా శాఖవారు చెబుతూ వుంటారు. మన ఉస్తాద్ చెప్పేదీ అదే. మాట ఏ దేశంలో పుట్టినా బరువు అన్ని దేశాల్లోనూ ఒక్కటే.

మన తొందర

మరి ఇన్ని తెలిసినా ప్రమాదాలెందుకు జరుగుతున్నాయి? స్టాండు ఖరీదు వల్ల కాదు. ఒక్క వాక్యం వల్ల. "ఐదు నిమిషాల పనే గదా!"

ఆ వాక్యం అనేది ఎప్పుడూ మెకానిక్కే కాదు, చాలాసార్లు మనం. సారంగాపూర్ రోడ్డు మీద బస్సు ఆగింది. ఎండ మండుతున్నది. ఒకరికి పరీక్ష, ఒకరికి ముహూర్తం, ఒకరికి కోర్టు వాయిదా. "ఎంతసేపయ్యా?", "ఇంకా కాలేదా?", "వచ్చిన బస్సుల్లో ఎక్కించరాదూ!" అని నలభై గొంతులు ఒక్కసారి లేస్తాయి. కింద దూరబోయే కుర్రవాడు ఇరవై ఏళ్లవాడు. స్టాండు అమర్చడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ నలభై గొంతుల ముందు ఆ పది నిమిషాలు అడగడానికి వాడికి నోరు రాదు. జాకీ మీదనే వుంచి దూరుతాడు. తొంభైతొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే ఆ అలవాటును పెంచుతుంది.

కాబట్టి ప్రయాణీకులుగా మన ధర్మం చిన్నదే. బస్సు ఎత్తవలసి వస్తే అందరూ దిగాలి. ముసలివాళ్లనూ పసిపిల్లల తల్లులనూ కూడా సాయం చేసి దింపి నీడన కూర్చోబెట్టాలి. రోడ్డు మీద గాక, రోడ్డుకు ఎడంగా నిలబడాలి. మరచిపోయిన సంచీ కోసం ఎవరూ మళ్లీ బస్సెక్కకూడదు. ఆ ఒక్క అడుగుకే జాకీ కదలవచ్చు. ఆనుకుని నిలబడరాదు. "తొందరగా కానియ్యి" అనే మాటను నోటిలోనే వుంచుకుని, "స్టాండు పెట్టుకో నాయనా, మేం ఆగుతాం" అని ఎవరైనా ఒక పెద్దమనిషి అంటే చాలు. ఆ మాట విని తక్కినవారు కూడా ఊరుకుంటారు.

ఇంట్లో కారున్నవారికి మరొక మాట. కారుతోపాటు ఇచ్చే చిన్న జాకీ రోడ్డు మీద చక్రం మార్చుకోవడానికే. దాని మీద కారు నిలిపి కిందికి దూరమని ఏ కంపెనీవారూ చెప్పరు. దూరవద్దనే పుస్తకంలో రాస్తారు. చక్రం మార్చేటప్పుడు కూడా చెయ్యిగాని కాలుగాని బండి కిందికి పోనివ్వకూడదు. సెలవు రోజున కారు కింద ఏదో చప్పుడవుతున్నదని అబ్బాయి జాకీ పట్టుకుని బయలుదేరితే తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఎత్తడం సరే, మోసేది ఏదిరా?"

సరైన జవాబు వచ్చిన తర్వాతనే వాణ్ణి కిందికి పోనివ్వండి.